మ్యూజియంలో మామ్మ వాళ్లమ్మ

మలేషియాలోని క్లాంగ్‌లో మా పక్కింటి మామ్మ ఏడాదికోసారి మలక్కా వెళ్లేది. డచ్చివాళ్ల ఎర్ర భవనాలూ, పోర్చుగీసు కోటా ఆమెకు పట్టేవి కావు. నేరుగా మ్యూజియంలోకి పోయి, రబ్బరు తోట కూలీల పాత ఫొటో ముందు కొంగు సర్దుకుని నిలబడేది.

ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన నన్నూ ఓసారి తీసుకెళ్లింది.

"ఆ సివరనున్నది మా యమ్మ అప్పలమ్మంట. నా రెండో ఏటే పోయినాది, మొకం గురుతు లేదు. సేతి మీద పేరు పచ్చబొట్టుంది, సదువు లా, నాకు తెలుగు అచ్చరాలు రావు," అంది మామ్మ, మలేషియా వాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

వేరే పేరుంటే ఏం చెప్పాలో తోచలేదు. భయపడుతూనే ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చూశాను.

"అప్పలమ్మ అనే ఉంది, మామ్మా!"

మామ్మ బల్ల మీద కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇన్నేళ్లూ ఎవులమ్మనో సూసి ఏడ్సినానేమోనని బయపడినాను," అంటూ నవ్వేసింది.