ఎండెక్కాక కదిలిన కారు

మావయ్యగారు పోయారన్న కబురు నాకు ద్రాక్షారామంలో, మైకు ముందు నిలబడి ఉండగా అందింది. ఆ పూట నేను చెబుతున్నదీ చావు గురించే. పోయేది ఒళ్లేనయ్యా, లోపలివాడికి పోకడ లేదు అని గొంతు చించుకుంటున్నాను. జేబులో సెల్‌ఫోను వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. తీసి చూస్తే మా ఇంటావిడ.

“మావయ్యగారు పోయేరండీ. పూజకి పూలు కోసుకొచ్చి అరుగు మీద కూర్చున్నారంట. అంతేనంట.”

తర్వాత ఏం మాట్లాడానో నాకు తెలియదు. చేతిలో గ్రంథం ఉంది. అందులో ఏ మాట ఏ పేజీలో ఉందో కళ్లు మూసుకుని చూపించగలను. అలాంటిది ఒక్క పేజీ తిప్పబుద్ధి కాలేదు. ఉపన్యాసం సగంలో ఆపి, మంగళం పాడేసి, బస్సెక్కాను.

ఆయన నాకు మేనమామ కాదు. మా ఎదురింటి రైతు. అంబాజీపేటకు నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. వరస కలుపుకుని నేను మావయ్యగారూ అంటే, ఆయన అల్లుడుగారూ అనేవారు. బడి చదువు వంటబట్టక, కొబ్బరి కొట్టులో కాటా దగ్గర కూర్చుని సొంతంగా గ్రంథం చదువుకున్నవాణ్ణి నేను. మొదటిసారి రామాలయం అరుగు మీద నోరు విప్పినప్పుడు వినడానికి వచ్చినవాళ్లలో నవ్వనిది ఆయనా, ఆయన భార్య అత్తయ్యగారూ ఇద్దరే. వయసులో అంత పెద్దాయన, నన్ను చివరిదాకా ‘మీరు’ అనే అన్నారు.

మా వైపు ఆయన పేరు తెలియనివాళ్లు ఉన్నారేమో గాని ఆయన కారు తెలియనివాళ్లు లేరు. ఇద్దరే పట్టే పాతకాలం పరుగు బండి. పైన కప్పు ఉండదు, వెనక మడతపెట్టిన గుడ్డ టాపు ఉంటుంది. ముక్కు పొడుగు, ఎత్తు తక్కువ. అందులో కూర్చుంటే గట్టు మీద నడిచేవాళ్ల మోకాళ్లు కనబడతాయి. రాజమండ్రిలో ఉద్యోగం ముగించుకుని వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నారు. తొంభైల మొదట్లో మాట. వరి, కొబ్బరి పండించుకునే రైతుకు ఆ సోకేమిటని ఊరంతా నోరు నొక్కుకుంది.

సోకు కాదండీ. అత్తయ్యగారికి బస్సెక్కితే కడుపులో తిప్పేది. టాక్సీ అద్దాలన్నీ దించినా అంతే, ఊరు దాటకముందే దింపేయమనేవారు. కాలవల్లో పడవలు తిరిగినంత కాలం పుట్టింటికి పడవ మీదే వెళ్లొచ్చారు. పడవలు ఆగిపోయాక ఆవిడ గడప దాటడమే మానేశారు. గాలి తగిలే బండి ఒకటి ఉందని ఎవరో చెబితే మావయ్యగారు వెళ్లి తెచ్చారు. అంతే కథ.

కొబ్బరి కొట్టు దగ్గర కారు ఆపితే లోడు ఎత్తేవాళ్లు చుట్టూ మూగేవారు.

“వానొస్తే ఏం చేస్తారండీ?”

“తడుస్తామండీ.”

“అంత పెట్టి కొన్నారు, కప్పు కూడా ఇవ్వలేదేంటండీ వాళ్లు?”

“కప్పున్న కారు మీరు కొనుక్కోండి. మా ఆవిడ ఎక్కదు గానీ.”

అత్తయ్యగారు తలకు తువ్వాలు చుట్టుకుని, పక్క సీట్లో కూర్చుని నవ్వుతుండేవారు. అప్పనపల్లి వెళ్లేవారు, ద్రాక్షారామం వచ్చేవారు. ఎక్కడికెళ్లినా ఆవిడ ఒకటే మాట, మెల్లిగా పోనివ్వండి, ఊళ్లు కనబడాలి కదా అని. పరుగు బండి ఎడ్లబండి వేగంతో పోతుంటే వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టి కొట్టి విసిగిపోయేవారు.

అలాంటి బండిని మా నేల మీద బతికించడం మాటలు కాదు. సముద్రపు గాలి ఇనుమును ఊరికే తినేస్తుంది. ఆయన రోజూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని బండి ఒళ్లంతా తుడిచేవారు. గుడ్డ టాపు చిరిగితే, లారీల మీద కప్పే పరదాలు కుట్టేవాడి చేత కుట్టించారు. రబ్బరు గొట్టం పగిలితే పొలంలో నీళ్లు తోడే ఇంజను గొట్టం కోసి బిగించారు. నేను పక్కన నిలబడి పానాలు అందించేవాణ్ణి. ఏ పానా అడిగారో తెలియక వేరేది అందిస్తే కోప్పడేవారు కాదు. “బండికి కోపం రాదండీ, అల్లుడుగారూ. మనకే వస్తాది. అందుకే అది మనకన్నా ఎక్కువ కాలం ఉంటాది” అనేవారు.

మమకారం గురించి నేను ఎంత మండిపడి చెప్పేవాణ్ణో విన్నవాళ్లకు తెలుసు. వస్తువును మనం పట్టుకోం, అదే మనల్ని పట్టుకుంటుంది, వదిలించుకోండయ్యా అని బల్ల గుద్దేవాణ్ణి. మావయ్యగారు ముందు వరసలో కూర్చుని “ఆయ్, ఆయ్” అంటూ అంతా వినేవారు. విని, ఇంటికెళ్లి, బండి తుడుచుకునేవారు.

ఇక నూనె సంగతి చెప్పాలి. ఆ కారు కార్బురేటరు నెత్తిన ఒక ఇత్తడి మూత ఉంటుంది. మూత తిప్పి తీసి లోపల చెంచాడు పల్చటి నూనె పోయాలి. ఆ నూనె పల్చగా ఉంటేనే లోపలి పిస్టను పైకి లేస్తుంది, అది లేస్తేనే ఇంజనుకు ఊపిరి. ఆఫీసరు ఇచ్చిన నూనె డబ్బా కొన్నేళ్లు వచ్చింది. ఒక వేసంగిలో అయిపోయింది. పల్చటి నూనె ఏదైనా పరవాలేదని రాజమండ్రి మెకానిక్కు చెప్పాడు. పల్చటి నూనె అంటే మా సీమలో ఇంకేముందండీ? తలకు అదే, దీపానికి అదే, తలుపు కిర్రుమంటే మడతబందుకు అదే, చంటిబిడ్డ ఒంటికి అదే. మావయ్యగారు సొంత చెట్ల కాయ, సొంతంగా గానుగాడించిన కొబ్బరి నూనె పోశారు. ఆ వేసంగి, ఆ వానాకాలం బండి అద్భుతంగా నడిచింది. నన్ను పిలిచి మరీ వినిపించారు, మన నూనె తాగి ఎలా పాడుతుందో చూడండని.

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారకముందే గుడి దగ్గర చెప్పడానికి తయారవుతుంటే ఎదురింట్లోంచి నన్ను పిలిచిన పిలుపు వినబడింది. అత్తయ్యగారికి గుండెలో నొప్పి. ముఖమంతా చెమట. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇద్దరం పట్టుకుని కారులో కూర్చోబెట్టాం. మంచు చెట్ల మీంచి బొట్లు బొట్లుగా రాలుతోంది.

సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. యాక్సిలరేటరు మీద కాలు వేయగానే ఒక్క మూలుగు మూలిగి చచ్చిపోయింది. మళ్లీ కొట్టారు, మళ్లీ అంతే. పెట్రోలు ఉంది. ప్లగ్గులు తీసి తుడిచారు. బ్యాటరీ దిగిపోయేదాకా కొట్టారు. వీధిలోవాళ్లం వచ్చి తోశాం. నాలుగడుగులు గురగురలాడి ఆగిపోయేది. టాక్సీ కోసం ఒక మనిషిని సైకిలు మీద అంబాజీపేట పంపించాం.

“కదల్లేదాండీ ఇంకా?” అని ఆవిడ అడిగారు.

“ఇదిగో, కదుల్తాది.”

“పోన్లెండి. ఇక్కడే గాలి బాగుంది.”

ఆవిడ ఆఖరు మాట అది. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని భగవన్నామం చెబుతూనే ఉన్నాను. వేల మంది ముందు గర్జించిన గొంతు. ఆ గొంతుతో ఆ బండిని ఒక్క గజం ముందుకు నడిపించలేకపోయాను. టాక్సీ వచ్చేసరికి ఆవిడ తువ్వాలు చుట్టుకున్న తల సీటుకు ఆనించి, కళ్లు తెరిచే ఉన్నారు.

ఇంట్లోకి తీసుకెళ్లి పడుకోబెట్టాం. చుట్టాలు రావడం మొదలైంది. ఎండెక్కింది. వాకిట్లో పాడె కట్టాలి, కారు అడ్డంగా ఉంది. పక్కకు జరపడానికి ఒకాయన స్టీరింగు పట్టుకుని కూర్చుంటే నలుగురు తోశారు. పొద్దున్న తిప్పిన తాళం అలాగే ఉంది, గేరు తగలగానే బండి అందుకుంది. మూలుగు లేదు, దగ్గు లేదు. కాలు వేస్తే లేస్తోంది, తీస్తే దిగుతోంది. తోసినవాళ్లు చేతులు వెనక్కి తీసుకుని అలాగే నిలబడిపోయారు. ఆపమని చెప్పడం కూడా ఎవరికీ తోచలేదు.

ఆ చప్పుడికి మావయ్యగారు లోపల్నుంచి వచ్చారు. ఎవరినీ చూడలేదు. బానెట్ ఎత్తారు, ఇత్తడి మూత తిప్పి తీశారు, లోపల వేలు ముంచారు. వేలి మీద నూనె నీళ్లలా జారింది. తలెత్తి వంటింటి కిటికీ వైపు చూశారు. చలికాలమంతా అక్కడ, ఎండ తగిలే చోట, పేరుకున్న కొబ్బరి నూనె సీసా కరగడానికి పెట్టి ఉంటుంది. మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఉంటుంది. చలికి కొబ్బరి నూనె గడ్డకడుతుందని మాకు ఒకరు చెప్పాలా?

“పేరుకుందండీ, అల్లుడుగారూ” అన్నారు. “పేరుకుంది.”

 మూత బిగించి, చెయ్యి పంచెకు తుడుచుకుని లోపలికి వెళ్లారు.

కర్మలయ్యాక ఊరంతా అదే అనుకుంది, బండి అమ్మేస్తారని. నేను మాత్రం ఊరుకోలేదు. నా నోరు అలాంటిది. దాన్ని గోదాట్లో తోసెయ్యండి మావయ్యగారూ, కళ్లెదుట పెట్టుకుని రోజూ చావకండి అన్నాను. ఆయన గుడ్డ పిండుకుంటూ “బండేం చేసిందండీ పాపం?” అన్నారు. మద్రాసు నుంచి అసలైన నూనె తెప్పించి పోశారు. అంతకుముందుకన్నా శ్రద్ధగా చూసుకోవడం మొదలుపెట్టారు. తుప్పు పట్టిన చోటల్లా గీకి రంగు వేశారు. దొరకని సామాను కోసం ఎక్కడెక్కడికో ఫోన్లు చేయించారు. ఆ తర్వాత ఏ చలికాలమూ ఆ బండి ఆయన్ని మోసం చేయలేదు.

ఓదార్చడానికి నా దగ్గరున్నదంతా ఆయన ముందు పెట్టాను. రాసిపెట్టి ఉంది అన్నాను. ఋణం తీరింది అన్నాను. ఆత్మకు చావు లేదన్నాను. అన్నిటికీ “ఆయ్” అనేవారు. ఒక సాయంత్రం మాత్రం కాలవ గట్టు మీద నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఆత్మ సంగతి సరేనండీ. మీరు చెప్పేరు, నేను నమ్మేను. ఆ పొద్దున్న ఆవిడకి ఊపిరాడలేదు. బండి కదిలుంటే బతికేదా, లేదా? ఆ ఒక్కటీ మీ పుస్తకంలో ఎక్కడైనా ఉందేమో చూసి చెప్పండి.”

చూశాను. అయ్యలారా, నేను నిజంగానే చూశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ ప్రశ్న చేత్తో పట్టుకుని వెతికాను. లోకాలు ఎలా పుట్టాయో ఉంది, ఎలా పోతాయో ఉంది. అది లేదు. లేదని చెప్పడానికి ఆయన దగ్గరికి వెళ్లాను. నా ముఖం చూసి ఆయనే “కాఫీ తాగుతారాండీ?” అన్నారు.

ఆ కాఫీ నాకు గురూపదేశం. ఈ రోజుకీ ఏ ఇంటికి పరామర్శకు వెళ్లినా ముందు కూర్చుంటాను. వాళ్లు అడిగితేనే నోరు విప్పుతాను. మీలో చాలామంది ఈయన మునుపట్లా మండిపడటం లేదేమని అడుగుతున్నారు. అడిగారు కనుక చెబుతున్నాను, కారణం ఆ పెద్దాయన.

అత్తయ్యగారి తద్దినం నాడు బ్రాహ్మడు రాకముందే, ఇంకా చీకటి విడవకుండానే మావయ్యగారు కారు తీసేవారు. టాపు దించేసి, తలకు మఫ్లరు చుట్టుకుని ఒక్కరే వెళ్లేవారు. కాసేపటికి వచ్చి స్నానం చేసి తద్దినం పెట్టేవారు. ఎక్కడికని ఎవరూ అడిగేవాళ్లం కాదు. పోయినేడు ఆయనే నా గుమ్మం దగ్గర బండి ఆపారు. కళ్లు సరిగ్గా ఆనడం లేదు, పక్కన ఉండమన్నారు. ఎక్కాను. ఆ సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు.

బండి ఒక్క కుదుపు లేకుండా పోయింది. మంచులో కొబ్బరి తోటలు ఒకదాని వెనక ఒకటి తేలి వెనక్కి పోతున్నాయి. ఆయన మెల్లిగా పోనివ్వలేదు. ఆ ముక్కు పొడుగు బండి ఎంత వేగం పోగలదో నాకు ఆ రోజే తెలిసింది. నేను గ్రంథం సంచి గుండెకు అదుముకుని కూర్చున్నాను. అమలాపురంలో ఆసుపత్రి గేటు ముందు ఆపారు. ఇంజను ఆపలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

ఎప్పుడూ గేటు మూసే ఉండేదట, ఆయన కాసేపు ఆగి తిరిగి వచ్చేసేవారట. ఆ రోజు మాత్రం కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. ఆ వేళప్పుడు వచ్చింది ప్రాణం మీదికొచ్చిన కేసే అనుకుని గేటు బార్లా తెరిచాడు. లోపలికి కేకేశాడు. ఇద్దరు ఆయాలు చక్రాల స్ట్రెచరు తోసుకుంటూ పరుగున వచ్చేశారు. వాచ్‌మన్ నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు.

“పేషెంటేరండీ?”

నేను మాట్లాడాలి. నా పని అది. గ్రంథం సంచి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

మావయ్యగారు చేతులు జోడించారు. “రాలేకపోయేరండీ” అన్నారు.

వాళ్లకేం అర్థం కాలేదు.  కారు పక్కనే స్ట్రెచరు ఆగి ఉంది, దాని మీద ఉతికి పరిచిన తెల్ల దుప్పటి. ఒక ఆయా దాని అంచు పట్టుకుని అలాగే నిలబడింది. ఇంజను హాయిగా, ఒకే తీరున ఆడుతోంది. దుప్పటి మీద మంచు పడుతోంది.