కీ ఇవ్వడం మరిచిన పెళ్లి

మా అక్క పెళ్లికి డప్పులు వద్దన్నది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మా ఊరింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. నేను గిద్దలూరులో గుమాస్తాగా చేరి ఆరు నెలలయింది. ఆరు నెలల్లో మనిషికి ఎంత నాగరికత పట్టగలదో అంతా నాకు పట్టింది. అందుకే పెళ్లినాటి మధ్యాహ్నం విందును ‘రిసెప్షను’ అన్నాను.

“ఏందిరా అది, ఇంకో పెండ్లా?” అన్నాడు నాయన.

“కాదు నాయనా. వియ్యాలవాళ్లు కూచుంటారు, పాటలు పెడతాం, ఇష్టమున్నోళ్లు ఆడతారు.”

“దానికి డప్పులు చాలవా?”

“డప్పులు పాతకాలం. మార్కాపురం నుంచి మైకు సెట్టు తెస్తా.”

ఊళ్లో ప్రతి పెళ్లికీ డప్పు కొట్టే తాత అరుగు కింద నిలబడి అంతా విన్నాడు. “కానీలే నాయనా, పిల్లోళ్ల ముచ్చట” అని వెళ్లిపోయాడు.

మైకుకు బ్యాటరీ ఉంది గానీ రికార్డు తిరిగే పెట్టెకు చేత్తోనే కీ ఇవ్వాలి, ప్రతి పాటకూ ఒకసారి. దుకాణం ఆయన ఈ సంగతి రెండుసార్లు చెప్పాడు. గుమాస్తాకు రెండుసార్లు చెప్పాలా అనుకున్నాను.

రికార్డులను మూడు దొంతులుగా పెట్టాను: అవ్వ కాలానివి, నాయన కాలానివి, నా కాలానివి. అవ్వకు కోలాటం పాట కావాలి. మామకు నాటకం పద్యం కావాలి.

“పద్యానికి ఎట్ల ఆడతారు మామా?”

“నేనెందుకు ఆడతాన్రా అల్లుడా? నా తల ఆడితే చాలు.”

పందిట్లో అందరికన్నా ముందు కూర్చున్నది పెళ్లికొడుకు జేజి, వాళ్ల నాయనకు అమ్మ. అర్ధవీడు వైపు గొర్రెల మందలున్న ఇల్లు వాళ్లది. ఎవరైనా తుమ్మితే ఆమె ఆ పూట మందను కదలనిచ్చేది కాదట. ఆ సాయంత్రం అక్కను వెంటబెట్టుకుని వెళ్లాల్సింది ఆమే.

కోలాటం పాటకు ఆడవాళ్లు చప్పట్లతో తిరిగారు. నాయన కాలం పాటకు నలుగురు భుజాలు కదిపారు. తర్వాత నా కాలం వచ్చింది. మాటలు తక్కువ, వాయింపు ఎక్కువ. పడుచువాళ్లంతా లేచారు. నేను గర్వంగా నిలబడ్డాను. మామ వచ్చి, “ఇప్పుడన్నా పద్యం పెడతావా లేదా?” అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ వాదనలో కీ సంగతి మరిచాను.

పాట నీరసపడింది. పాడే మనిషి గొంతు లావెక్కింది. గబగబా పడుతున్న దెబ్బలు ఒక్కొక్కటిగా విడిపోయాయి. దడ్... దడ్... దడ్. మా ఊళ్లో పాడె ముందు నడిచే దెబ్బ అది. అచ్చం అదే.

ఆడేవాళ్ల కాళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వడ్డించే చేతిలో గరిటె ఆగింది. చేలో నుంచి ఒకాయన తలగుడ్డ చేతపట్టుకుని ఉరుక్కుంటూ వచ్చి, “ఎవరు పోయినారు?” అని పెళ్లికొడుకునే అడిగాడు.

జేజి లేచి నిలబడింది. “పెండ్లి పందిట్లో చావు దెబ్బ మోగిందే! ఈ పొద్దు పిల్లను తీసకపోము.”

తాళి కట్టించుకుని పుట్టింట్లో ఉండిపోయిన పిల్ల అంటే, ఆ పేరు ముసలితనం దాకా పోదు. అక్క నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. పాట వరస తప్పింది సరే, వియ్యాల వరస కూడా తప్పేట్టుంది. కీ తిప్పాల్సింది పోయి నేను రికార్డు మీది ముల్లు ఎత్తేశాను. నిశ్శబ్దం ఇంకా ఘోరంగా ఉంది.

అప్పుడు వంటల పొయ్యి దగ్గర నుంచి దెబ్బ వినిపించింది. దడ్... దడ్... మళ్లీ అదే! డప్పు తాత! వద్దన్నా డప్పు తెచ్చుకున్నాడు, విందు పొయ్యి మీదే తోలు బిగిసేలా కాచుకున్నాడు. నాయన ఆపబోయాడు. తాత ఆగలేదు. రెండు దెబ్బల మధ్య ఇంకోటి వేశాడు, దాని పక్కన మరోటి. చూస్తుండగానే అది నడక నుంచి పరుగులో పడింది, పెళ్లి దెబ్బయింది. చేలో నుంచి వచ్చినాయన తలగుడ్డ చుట్టుకుని అడుగేశాడు.

“ఇదేంది సామీ?” అంది జేజి.

“మా ఊరి పెండ్లి దెబ్బ ఇట్లనే మొదలయితాది తల్లీ. ముందు నిదానం, ఎనక ఉరుకు. ఆ పెట్టెకు నిదానం దాకనే వచ్చు.”

జేజి చాలాసేపు ఆయన చేతుల వైపే చూసింది. తర్వాత కూర్చుని, “మజ్జిగ పొయ్యండి” అంది. సాయంత్రం అక్క బండెక్కింది.

బండి మలుపు తిరిగాక తాత దగ్గరికి పోయాను. “తాతా, నిజంగా మన ఊళ్లో ఇట్లనే మొదలుపెడతారా?”

డప్పు భుజానికి తగిలించుకుంటూ అన్నాడు: “ఈ పొద్దు నుంచి అట్లనే.”

అన్నట్టే, ఆ తర్వాత మా ఊళ్లో ప్రతి పెళ్లికీ ఆయన ముందు నిదానంగానే మొదలుపెట్టాడు. నా పెళ్లికీ అంతే. నాకు మాత్రం ఆ మొదటి మూడు దెబ్బలకూ చెమటలు పట్టాయి.