కొర్రమీను మీద పగ

పోయిన ఆదివారం బుక్కరాయసముద్రం చెరువులో పెద్ద కొర్రమీను ఒకటి నా గాలం దారం తెంపుకుని పోయింది. పక్కనే ఉన్న మా బావమరిది ఓబులేసు పడీ పడీ నవ్వి, చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు. వారమంతా నాకు అన్నం సహించలేదు.

నిన్న అంగడికి వెళ్లి లావుపాటి అల్లిక దారం, గట్టి రాడ్, వానపాముకు బదులు రబ్బరు కప్ప కొన్నాను. అంగడతను "ఏమప్పా, మొసలిని పడతావా?" అన్నాడు.

ఈ రోజు పొద్దున్నే నాచు మీద ఆ కప్పను గెంతిస్తూ లాగాను. దభీమని నీళ్లు లేచాయి. దారం తెగలేదు. చేయంత కొర్రమీను గట్టు మీద పడింది. పోయినవారం తప్పించుకున్నది ఇదేనని నా నమ్మకం.

దాన్ని బండికి తగిలించుకుని, కావాలనే ఓబులేసు ఇంటి ముందు నుంచి మెల్లగా వచ్చాను.

"బాగుండాది బావా, యాడ కొన్నావు?" అన్నాడు.

"కొనలేదురా, నేనే పట్టినా!"

"అట్లనే చెప్పుపో, అక్క నమ్ముతాది."

నీకు ముల్లు కూడా పెట్టనని అరిచి ఇంటికొచ్చాను. సాయంత్రం పులుసు గిన్నెలో చూస్తే తలకాయ లేదు. మా ఆవిడ తమ్ముడికి పంపేసిందట!

చేప మీద పగ తీర్చుకున్నాను. పెళ్లాం తమ్ముడి మీద ఎలా తీర్చుకోవాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.