బుద్ధిగాడు గుర్రుమన్న రోజు

కుక్కల టీచరు పని మొదలుపెట్టిన రోజునే లాండ్రీ మొత్తానికి ఒక సంగతి తేలిపోయింది. ఈవిడకి కొంచెం తిక్క ఉంది.

కరిచే కుక్కను దారిలో పెట్టమని పిలిస్తే, వచ్చి సిమెంటు మెట్టు మీద కూర్చుని, సంచీ పక్కన పెట్టుకుని, "ముందు వీడు గుర్రుమనాలి. అది వచ్చాకే మిగతావి" అందావిడ.

ఓనరు ఆమెను ఎగాదిగా చూశాడు. "టీచరమ్మా, ఆ గుర్రుమనడం మాన్పించడానికే బెల్టు మాస్టారి కాళ్లావేళ్లా పడి పిలిపించుకున్నాను. మీరొచ్చి మళ్లీ నేర్పుతానంటారేంటి?"

"నేర్పడానికేముందండీ, వాడికి పుట్టుకతోనే వచ్చు. మీరు నోరు నొక్కేశారు. నేను ఆ చెయ్యి తీయించడానికి వచ్చాను."

బల్ల దగ్గర దుప్పట్లు మడుస్తున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు మాత్రం ఎవరూ బయటికి రానివ్వలేదు. అక్కడ నవ్వైనా దగ్గైనా ఓనరు మొహం చూసుకునే రావాలి.

అది హోటళ్లకూ ఆసుపత్రులకూ దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే పెద్ద లాండ్రీ. ముందు గదిలో మనిషెత్తు ఉతుకు మిషన్లు, వెనక గదిలో ఆవిరి రోలర్లు, మధ్యలో పొడవాటి మడత బల్ల. ఆ బల్ల కిందే కుక్క పడక. ఇటుక రంగు ఒళ్లు, వాలిన చెవులు, దుక్కలాంటి మగకుక్క. బుద్ధిగాడని ఓనరే ముచ్చటపడి పేరు పెట్టుకున్నాడు. మెడకు బెల్టు బిగించి కుక్కల్ని దారికి తెచ్చే బెల్టు మాస్టారి చేతుల్లో పడ్డాక అది గుర్రుమనదు, పళ్లు చూపించదు, కసురుకుంటే తల దించుకుంటుంది. "నా దగ్గర పనివాళ్లూ అంతే, కుక్కా అంతే. నోరెత్తరు. బంగారాలు" అని వచ్చిన ప్రతి హోటలు మేనేజరుకీ చెప్పుకునేవాడు. పనివాళ్లంతా ఆయన్ను బాబాయ్ అనాలి. మనమంతా ఒకే కుటుంబం కదా అంటాడు. ఆ కుటుంబంలో ఎవరు గొంతెత్తాలో, ఎవరు ఎత్తకూడదో కూడా ఆయనే చెబుతాడు.

ఆ బంగారమే వ్యాను డ్రైవరు చేతిని కరిచి పట్టుకుంది. అతను బల్ల కింద నుంచి మూట లాగుతూ అలవాటుగా దాని తల మీద చెయ్యేశాడు. చప్పుడు లేదు, హెచ్చరిక లేదు. అరచెయ్యి చీరుకుపోయి కుట్లు పడ్డాయి. ఓనరు అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. నెలాఖరులోగా కుక్క బాగుపడాలి, లేదంటే పశువుల డాక్టరు చేత సూది వేయించి చంపించేయడమే. కుక్కల టీచరు నంబరు తెచ్చిచ్చింది కూడా ఆ డ్రైవరే, కట్టు కట్టిన చేత్తో. "చంపేంత తప్పు చేయలేదు బాబాయ్. నేనే దాని నిద్ర చెడగొట్టా" అన్నాడు.

టీచరంటే బడిలో పాఠాలు చెప్పే మనిషి కాదు. ఏళ్ల తరబడి కొరియర్ సంచీ భుజాన వేసుకుని గేటు గేటుకీ తిరిగిన మనిషి. గేట్ల వెనక కుక్కలే ఆమెకు బడి. ఒకసారి ఒక కుక్క తోక ఊపుతోంది కదా అని ధీమాగా లోపలికి అడుగు వేసి, పిక్క మీద పళ్ల గాట్లు పెట్టించుకుంది. మంచాన పడి ఉన్నన్నాళ్లూ ఆ తోకనే తలుచుకుంది. ఊగిన మాట నిజమే. కానీ పైకి లేచి, కర్రలా బిగుసుకుని ఊగింది. ఒళ్లంతా వదులుగా పెట్టి ఊపే తోక వేరు, ఇది వేరు. ఆ తేడా ఏమిటో తేల్చుకోవాలన్న పట్టుదలతో జంతువుల ఆసుపత్రిలో చేరింది, పంజరాలు కడిగింది, దొరికిన పుస్తకమల్లా చదివింది, చివరికి కొరియర్ ఉద్యోగానికి దండం పెట్టేసింది. సంచీ మాత్రం వదల్లేదు. ఇప్పుడందులో ఉడికించిన గుడ్డు ముక్కలు, మెత్తటి తాడు, పాత తువ్వాలు ఉంటాయి. బెల్టు ఉండదు, కర్ర ఉండదు.

ఆమె భర్తకి సెలూన్ ఉంది. "మా ఇంట్లో తలలు నావి, తోకలు దానివి" అంటాడు అడిగినవాళ్లతో. అత్తగారు అంతకు రెండాకులు ఎక్కువే చదివింది.

"మొగుడి మాట వినదు, అత్త మాట వినదు. కుక్క ఏం చెప్పినా చేతులు కట్టుకుని వింటుంది మా కోడలు."

"కుక్కలు సాగదీయవత్తయ్యా. ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాయి" అంటుంది ఈవిడ, క్యారేజీ సర్దుకుంటూ.

బుద్ధిగాడి దగ్గర మొదటి రోజు ఆమె చేసిన పనంటూ ఏమీ లేదు. మెట్టు మీద పక్కకి తిరిగి కూర్చుని చూసింది, అంతే. బల్ల దగ్గర అందరికంటే పెద్దామె, అందరూ మడతల వదిన అని పిలిచే ఆవిడ, టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది. అంతలో ఓనరు అటుగా పోతూ కుక్క తల మీద టపటపా నాలుగు తగిలించాడు. ఆయన లెక్కలో అది ముద్దు.

"ఏం కనిపించింది వదినా?" అంది టీచరు.

"ఏముంది, ముద్దు చేశారు. ఊరుకుంది."

"ఊరుకోలేదు. మొహం అటు తిప్పేసుకున్నాడు. ముక్కు నాక్కున్నాడు. కంట్లో తెల్లగుడ్డు బయటపడింది. ఇదిగో, ఇప్పుడు ఆవలిస్తున్నాడు చూడు. నిద్రొచ్చి కాదు. వద్దు మొర్రో అంటున్నాడు. నోటితో అంటే తంతారని, నోరు తప్ప ఒళ్లంతా వాడుకుంటున్నాడు."

మడతల వదిన గ్లాసు మెట్టు మీద పెట్టింది. "మా అందరికీ ఆ ఆవలింతలు వచ్చు టీచరమ్మా" అంది. రోలర్ల గదిలో గాలి బయటికి లాగే ఫ్యాను చెడిపోయి చాలాకాలమైందట. ఆవిరికి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు పడిపోతున్నారట. బాగుచేయించమని అడిగిన అమ్మాయిని మర్నాటి నుంచి రావద్దన్నారట. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

టీచరు కుక్కను ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చెవిలో లైటు వేసి చూస్తే లోపలంతా పుండు. తల మీద పడిన ప్రతి ముద్దూ దానికి ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది. మందులతో పుండు మెల్లగా మానింది.

"చెవి బాగుపడింది కదా, ఇంకేం?" అన్నాడు ఓనరు.

"చెవి బాగుపడింది. పైనుంచి చెయ్యి వస్తే నొప్పి వస్తుందన్న నమ్మకం ఇంకా బాగుపడలేదండీ. దానికి మందు షాపుల్లో దొరకదు."

ఆ మందు ఆమె లాండ్రీలోనే తయారుచేసింది. ట్రాలీలు తిరిగే దారిలోంచి పడక తీయించి గది మూలకు మార్చింది. మూలకు నడుమెత్తు తలుపు పెట్టించింది. ఆ తలుపు దాటి ఎవరూ లోపలికి వెళ్లకూడదు, వాడే రావాలి. వచ్చినా మీద పడకూడదు. పక్కకి తిరిగి కూర్చోవాలి, చెయ్యి కిందికి పెట్టి ఆగాలి. వాడు వచ్చి రాసుకుంటే మెడ కింద కాస్త నిమిరి, ఆపేయాలి. ఆపాక ఇంకా కావాలని దగ్గరికి జరిగితే సరే. మొహం తిప్పుకుంటే అంతటితో సరి. చెయ్యి కనబడినప్పుడల్లా ఒక గుడ్డు ముక్క పడాలి, చెయ్యంటే మంచి కబురని వాడికి తెలిసేదాకా.

ఆడవాళ్లకు ఈ పద్ధతి ఇట్టే పట్టుబడింది. అడగకుండా మీద చెయ్యేస్తే ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "మా ఆయన్ని కూడా మీ దగ్గర చేర్పిస్తాను టీచరమ్మా, గుడ్లు నేనే తెచ్చుకుంటా" అంది ఒకామె. "మొగుళ్లకి గుడ్డు చాలదు" అంది ఇంకొకామె. నవ్వులు ఓనరు గది తలుపు దాకా వెళ్లి ఆగాయి.

బెల్టు మాస్టారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన చెడ్డవాడేం కాదు. కుక్క గుర్రుమన్నప్పుడల్లా మెడ బిగించాడు, అది మానేసింది, ఆయన పని అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. కుక్కకైనా మనిషికైనా 'వద్దు' అనే హక్కు లాగేసుకున్నాక మిగిలేది మంచితనం కాదు, భయం. దూరం నుంచి చూస్తే ఆ భయం చాలా బుద్ధిగా కనబడుతుంది. అది కనబడినంత కాలం అజమాయిషీ చేసేవాళ్లకు హాయిగా ఉంటుంది. ఒకరోజు చెయ్యి చీరుకుపోతే, ఉన్నట్టుండి ఏమొచ్చింది దీనికి అని ఆశ్చర్యపోతారు. ఉన్నట్టుండి ఏమీ రాదు. ముందు చెప్పిన మాటలన్నీ మనమే తొక్కేసి ఉంటాం.

నెలాఖరు దగ్గర పడింది. డ్రైవరు వచ్చి కూర్చుంటే బుద్ధిగాడు అతని మోకాలికి ఆనుకునే దాకా వచ్చాడు. ఓనరు మాత్రం ఆ తలుపు దగ్గర ఒక్క పూటైనా కూర్చోలేదు. ఒక మధ్యాహ్నం నేరుగా వచ్చి చొక్కా చేతులు మడిచాడు.

"మీ చదువు ఎంతవరకొచ్చిందో చూద్దాం. నా చేతికింద ఊరుకుంటే ఉంటుంది. లేదంటే రేపే డాక్టరు."

టీచరు తలుపు ఇవతలి నుంచే కుక్క మెడ తాడు పట్టుకుని నిలబడింది. "పైనుంచి వద్దండీ. కింద పెట్టి ఆగండి. ముందు అడగండి."

"నా కుక్కను నేను పర్మిషన్ అడగాలా?"

చెయ్యి తలుపు మీదుగా నేరుగా తల వైపు దిగింది. బుద్ధిగాడు శిలలా బిగుసుకుపోయాడు. మూతి మూసుకుపోయింది. ఆపైన, చాలా లోతులోంచి, తుప్పు పట్టిన మిషను మళ్లీ తిరగడం మొదలుపెట్టినట్టు, ఒక శబ్దం వచ్చింది. గుర్రుమంటున్నాడు.

ఓనరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మెల్లగా వెనక్కి తీసుకోండి" అంది టీచరు. ఆమె గొంతులో తొణుకూ లేదు బెణుకూ లేదు.

తీసుకున్నాడు. గుర్రుమనడం ఆగిపోయింది. బుద్ధిగాడు నీళ్లలో తడిసినట్టు ఒళ్లంతా దులుపుకుని, వెనక్కి వెళ్లి పడక మీద కూర్చున్నాడు.

"చూశారా, నన్నే. తిండి పెట్టే నన్నే." ఓనరు మొహం కందగడ్డయింది. జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇంక చాలు."

"చేయండి. కానీ ముందు మీ చెయ్యి ఒకసారి చూసుకోండి" అంది టీచరు. "డ్రైవరుకి కుట్లు పడ్డాయి. మీకు గీత కూడా పడలేదు. కుక్క అదే, పళ్లు అవే. ఈసారి వాడు ముందు చెప్పాడు, మీరు విన్నారు. నేను నేర్పుతానన్నది ఇదే. మీ ఇద్దరికీ వచ్చేసింది."

గుమ్మం ముందు వ్యాను పక్కన నిలబడ్డ డ్రైవరు మచ్చ పడిన అరచెయ్యి ఎత్తి చూపించాడు. "నాకైతే ఒక్క ముక్కా చెప్పలేదు బాబాయ్. మీరంటేనే గౌరవం ఎక్కువున్నట్టుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి ఆ నవ్వు ఓనరు మొహం చూసుకోకుండానే వచ్చింది. ఆయన తన చేతిని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. ఫోన్ ఇంకో చేతిలో అలాగే ఉంది.

మడతల వదిన చేతిలో దుప్పటి బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, ఫోన్ ఎలాగూ తీశారు. ఆ ఫ్యాను బాగుచేసే అతనికి చేయండి. లోపల ఉడికిపోతున్నాం. ఇది నా ఒక్కదాని మాట కాదు."

బల్ల పొడుగునా మిగతావాళ్ల చేతుల్లోని దుప్పట్లు కూడా ఒక్కొక్కటే బల్ల మీదికి దిగాయి. ఓనరు వాళ్ల వైపూ కుక్క వైపూ చూశాడు. "ఏంటివాళ, అందరూ కలిసి నా మీద గుర్రుమంటున్నారు?"

"ఇంకా కరవలేదుగా బాబాయ్" అంది మడతల వదిన.

ఆయన పక్కనున్న మూట మీద కూలబడ్డాడు. లోపల రోలర్లు బుసకొడుతున్నాయి. ఇక్కడికే వేడి తగులుతోంది. ఆయనకు అది ఇవాళే తగిలినట్టుంది, మెడ తుడుచుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు. డాక్టరుకి చేయలేదు.

"రేపు చూద్దాంలే ఫ్యాను సంగతి."

"సరే బాబాయ్. రేపు పొద్దున వచ్చి మళ్లీ గుర్తు చేస్తాం." చేస్తాను అనలేదు ఆవిడ, చేస్తాం అంది.

ఎవరి పని వాళ్లు అందుకున్నారు. ఓనరు మాత్రం మూట మీంచి లేవలేదు. అలా కూర్చుంటే ఆయన తలుపుకి పక్కగా ఉన్నాడు, చేతులు ఒళ్లో ఉన్నాయి, ఎత్తు కూడా కుక్క కంటే పెద్ద ఎక్కువేం కాదు. కాసేపటికి బుద్ధిగాడు లేచి తలుపు సందు దాకా వచ్చి, ఆయన మోకాలిని వాసన చూశాడు. తోక కిందికే ఉంది, కానీ వదులుగా ఉంది.

"టీచరమ్మా" అన్నాడు ఓనరు కదలకుండా, "ఇప్పుడు తాకొచ్చా?"

ఆమె సంచీలోంచి చివరి గుడ్డు ముక్క తీసి ఆయనకు అందించింది.

"నన్నెందుకండీ అడుగుతారు? వాణ్ణి అడగండి."

ఓనరు చెయ్యి మెల్లగా కిందికి దించి, అరచెయ్యి పైకి తిప్పి, తలుపు సందు దగ్గర పెట్టి, ఆగాడు.