మూడు నిమిషాల పాటకు వన్స్ మోర్

ఆ రోజుల్లో జాబితా రాసుకోకుండా నేను ఏ పనికీ చెయ్యి పెట్టేవాణ్ణి కాను. పాలిటెక్నిక్ చదువు అప్పుడే ముగించినవాడికి లోకమంతా ఒక కాగితంలో ఇముడుతుందనే నమ్మకం ఉంటుంది. కళ్యాణదుర్గంలో మా చిన్నాయన పాట రికార్డు చేసిన ఆదివారం నా నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాను: టేపు రికార్డరు ఒకటి (నేను పనిచేసే రేడియో రిపేరు షాపుది, దానికి గీత పడితే నా ఉద్యోగం ఊడుతుంది), మైకు ఒకటి, స్టాప్‌వాచీ ఒకటి, కాలి హార్మోనియం ఒకటి, తబలా జత ఒకటి, గొంతు గోడలకు తగిలి మోగకుండా చుట్టూ పేర్చిన శనక్కాయల మూటలు నలభై రెండు. మనుషులు నలుగురు: చిన్నాయన, తబలా మామ, బెంగళూరు నుంచి వచ్చిన గ్రామఫోను కంపెనీ ఏజెంటు, నేను. స్థలం శనక్కాయల మిల్లు గోడౌను. సెలవు కాబట్టి మిషను రొద లేదు.

చిన్నాయన నాటకాల సమాజాలకు సమస్తమూ తానే. పద్యానికి వరస కట్టాలన్నా, వేషగాడి గొంతు అందకపోతే శ్రుతి దించాలన్నా, ఏ వాయిద్యం ఎక్కడ ఆగాలో చెప్పాలన్నా, పాట చాలకపోతే ముఖానికి రంగు పూసేలోగా కొత్తది రాసివ్వాలన్నా ఆయనే. కర్ణాటక అంచున ఉన్న గుమ్మఘట్ట పక్క ఊర్లకు పోతే అదే పాటను కన్నడంలోకి తిప్పేవాడు. ఇరవై ఏళ్ళు ఇలా చేసినా ఒక్క కరపత్రం మీద ఆయన పేరు లేదు. రాజు వేషగాడి పేరే పెద్దక్షరాల్లో ఉండేది. ఇప్పుడు ఈ డిస్కు వస్తే రచన, సంగీతం, గానం అని మూడు చోట్ల ఆయన పేరే పడుతుంది. కంపెనీ షరతులు రెండే. పాట మూడు నిమిషాల పది సెకన్లు దాటకూడదు, డిస్కులో అంతకు మించి పట్టదు. నాలుగు గంటల బస్సుకు ఏజెంటు టేపు తీసుకుని వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు.

పదకొండు నిమిషాల పాటను మూడుకు తేవడానికి నాకు వారం పట్టింది. "ఆలాపన కోసేస్తే పాటకు తల యాడుంటాదిరా?" అని చిన్నాయన. "తల వద్దు చిన్నాయనా, మొండెం చాలు" అని నేను. (ఎంత పొగరు!)

రెండున్నరకు టేపు తిప్పాను. "మబ్బు మామా, మబ్బు మామా, మా ఊరి దావ మరిచినావా" అని చిన్నాయన ఎత్తుకున్నాడు. మొదటి చరణం ముగిసిందో లేదో "వన్స్ మోర్!" అని గోడౌను దద్దరిల్లింది. హార్మోనియం మీద చిన్నాయన వేళ్ళు వాటంతటవే వెనక్కి మళ్ళి మళ్ళీ పల్లవి అందుకున్నాయి. టేపు ఆపి చూస్తే, అరిచింది తబలా మామ. జనం చప్పబడితే మొదటి కేక తానే వేసి వాళ్ళను లేపాలని చిన్నాయనతో ఆయనకు పాత ఒప్పందమట.

"మామా, ఈడ జనం లేరు, నాటకం లేదు!"

"తెలుసు అల్లుడూ. నోరు ఇనలేదు, ఏం చేయమంటావు?"

రెండోసారి ఆ నోట్లో తాంబూలం కుక్కాను. చరణం అయింది. ఎవరూ అరవలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అంతలో హార్మోనియం ఆగిపోయింది. చిన్నాయన మా ముగ్గురి ముఖాలూ బిక్కుబిక్కుమంటూ చూశాడు.

"ఏమప్పా, బాగలేదా? ఎవురూ ఏమీ అనరే!"

"బాగుంది కాబట్టే నోరు మూసుకున్నాం!" అని నేను అరిచాను. తబలా మామ నిండు నోటితో ఏదో అని మూటల మీద ఎర్రగా తుంపర చల్లాడు. ఏజెంటు గడియారం చూసి, "ఇంకొక్క తూరి. అంతే. బస్సు నా కోసం నిలవదు" అన్నాడు.

మూడోసారి. చిన్నాయన కళ్ళు మూసుకున్నాడు, మా ముఖాలు కనపడకుండా. మొదటి చరణం సరిగ్గా నిమిషం ఇరవై. రెండోది ఆయన ఎప్పుడు మార్చాడో నాకు తెలీదు, నా కాగితంలో లేని మాటలు. ఎండిన బావిలోకి తొంగిచూసి, తన ముఖం కనపడక, తాను ఉన్నానో లేనో అని అనుమానపడే రైతు మాటలు. ఆ ఏడు మా నాయన మా బావిలోకి అట్లాగే చూసేవాడు. స్టాప్‌వాచీ చేతిలోనే ఉంది, నేను దాన్ని చూడడం మానేశాను. చివరి స్వరం ఇంకా సాగుతూనే ఉండగా గోడౌనులో "వన్స్ మోర్!" అని వినబడింది. తబలా మామ నోరు తాంబూలంతో నిండే ఉంది. ఏజెంటు నన్నే చూస్తున్నాడు.

అరిచింది నేనే.

చిన్నాయన వేళ్ళు మళ్ళీ పల్లవి మీదికి ఉరికాయి. నేను మీట నొక్కి, తల పట్టుకుని, కత్తెర కోసం వెతుకుతుంటే ఏజెంటు, "కోస్తే ఆఖరి స్వరం కూడా పోతుంది, ఉండనీ" అని రీలు సంచిలో వేసుకుని బస్టాండుకు పరుగెత్తాడు. తబలా మామ బయటికి పోయి ఉమ్మి వచ్చి, "ఏమల్లుడూ, నీ నోరూ ఇనలేదా?" అన్నాడు. చిన్నాయన మాత్రం నా మీద కోప్పడలేదు. "నువ్వు కేక వేసేంత బాగుండెనా?" అని ఆ సాయంత్రమంతా అడుగుతూనే ఉన్నాడు, నేను అవునంటూనే ఉన్నాను.

కొన్ని నెలలకు డిస్కు వచ్చింది. మూడు చోట్లా చిన్నాయన పేరే. ఇంతవరకూ అది విన్నవాళ్ళెవరూ ఆఖర్లో అరిచిందెవరని నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత చాలా పాటలే రికార్డు చేశాను, అన్నీ కొలతకు తప్పకుండా వచ్చాయి. పెట్టి వినాలనిపించేది మాత్రం ఆ ఒక్కటే. మొత్తం మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. ఆఖరి సెకను నాది.