అతకని గొట్టాలతో గుంటూరు దాకా

మార్టూరు నుంచి గుంటూరుకు కారులో మామూలుగా గంటన్నర పడుతుంది. ఆ రోజు మేం చేరాల్సిన చోటికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పాత కారులో జబ్బు మనిషిని తిప్పేవాళ్లు నాలాగే ఇంకొందరు ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా అన్నయ్య కోటేశ్వరరావు మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల్లో వయసంతా గడిపాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇప్పుడు వీధి మలుపు దాకా నడిచినా ఆయాసమే. బయటికి కదిలితే ముక్కుకు సన్నటి గొట్టం, పక్కన చిన్న ఆక్సిజన్ సిలిండరు. నెలకోసారి గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు గారికి చూపించి, సిలిండరు నింపించుకు రావాలి. బస్సులో ఆ రద్దీకి తట్టుకోలేడని నేనొక పాత పెట్రోలు కారు కొన్నాను. ఎరువుల కొట్లో పనిచేసే నాకు అంతకన్నా మంచిది అందలేదు. ఆ మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదు. సైలెన్సరు తుప్పుపట్టి చిల్లులు పడితే మా ఊరి మెకానిక్ రేకు చుట్టి, పైన పేస్టు పూసి, ఈ నెల గడిచిపోతుందని భరోసా ఇచ్చాడు.

మిరప కోతల రోజులు. వదిన కూలికి వెళ్లాల్సి ఉండి మాతో రాలేదు. పెరుగన్నం డబ్బా, మందుల సంచి వెనక సీట్లో పెట్టి, అన్నయ్య నడుము దగ్గర దిండు సర్ది పంపించింది. ఆరింటికల్లా హైవే ఎక్కాం. చిలకలూరిపేటలో ఆగి ఇడ్లీ తిన్నాం. అన్నయ్య ఒక్కటి తిని చాలన్నాడు. అక్కడే ఒక మిరప రైతు గుంటూరు దాకా ఎక్కించుకోమని అడిగాడు. ఆయన టిక్కీలు, అంటే కాయల బస్తాలు, ముందే లారీలో మిర్చి యార్డుకు వెళ్లిపోయాయట. ముందు సీట్లో కూర్చుని ఈసారి రంగు పోయిన తాలు కాయ ఎక్కువొచ్చిందని చెప్పుకుంటూ వచ్చాడు.

యడ్లపాడు దాటాక కారు కింద ఏదో ఊడిపడి రోడ్డుమీద దొర్లిన చప్పుడైంది. ఆ వెంటనే ఇంజను ట్రాక్టరులా మోగడం మొదలైంది. ఆపి దిగి చూస్తే చుట్టిన రేకు లేదు. సైలెన్సరు గొట్టం అడుగున నా బొటనవేలు పట్టేంత సందు కనిపించింది. అక్కడ చేసేదేమీ లేక బయలుదేరాను. కొంతదూరం పోయేసరికి కారులో వాసన పట్టుకుంది. అద్దాలు దించాం. మా ముందు మిరపకాయల లారీ పోతోంది. ఘాటుకు అన్నయ్యకు దగ్గు తెర పట్టుకుంది. అద్దాలు ఎత్తితే పొగ, దించితే ఘాటు. లారీని దాటుకుని పోతే ఆ ముందు ఇంకో లారీ.

రైతు కాసేపు ఓర్చుకుని, ఆపమన్నాడు.

"నాకు తల తిరుగుతోందండీ. వెనక ఆయన్ని ఈ పొగలో ఎలా తీసుకెళ్తారు? పెట్రోలు పొగలో కంటికి కనపడని విషం ఉంటదంట. నిద్రపట్టినట్టే ప్రాణం పోద్దంట."

అని దిగిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. అద్దంలో చూస్తే అన్నయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలిస్తే పలికాడు. అక్కణ్నుంచి గుంటూరు వచ్చేదాకా ఏదో ఒక వంకతో పిలుస్తూనే ఉన్నాను.

ఆసుపత్రికి ముందు ఆటోనగర్‌కు పోనిచ్చాను. అప్పటికి తొమ్మిది కావస్తోంది. డాక్టరు గారు ఒంటిగంట దాకా ఉంటారు కాబట్టి టైముందనుకున్నాను. సైలెన్సర్లు బిగించే మస్తాన్ అనే ఆయన కారు కిందికి దూరి చూసి, ఈ మోడల్‌ది ఎక్కడా దొరకదని, వేరే బండిది వేసి అరగంటలో పంపిస్తానని అన్నాడు. వెల్డింగు దగ్గర ఆక్సిజన్ సిలిండరు ఉండకూడదన్నాడు. అన్నయ్యను, సిలిండరును రోడ్డు అవతల టీకొట్టు నీడలో కూర్చోబెట్టి వచ్చాను. సిలిండరు మీటరు ముల్లు సగానికి కాస్త పైన ఉంది.

ఈ పని మీద వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిందేమిటంటే, వేర్వేరు బండ్ల గొట్టాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పెట్టి చూస్తే కుదరవు. మస్తాన్ తెచ్చిన సైలెన్సరు మూతి మా గొట్టం కన్నా వెడల్పు. మా గొట్టం చివర రెండు బోల్టుల అంచు ఉంటే దానికి మూడు బోల్టుల అంచు ఉంది. మస్తాన్ రెండు అంచులూ కోసేశాడు. మధ్యలో తొడుగులా ఒక గొట్టం ముక్క పెట్టి, దాని చివర్లను ఇనుము కోసే హ్యాక్సాతో నిలువుగా చీల్చాడు. చీలికలుంటే పైన క్లాంపు పట్టీ బిగించినప్పుడు లోపలి గొట్టాన్ని గట్టిగా కరుచుకుంటుందని చెప్పాడు. బాగానే ఉందనిపించింది. అయితే క్లాంపును ముందు బిగించి, సైలెన్సరును కారు కింద వేలాడే రబ్బర్లకు తర్వాత తగిలించాడు. రబ్బర్లు తమ వైపు లాగేసరికి అతుకు పక్కకు తిరిగి సందు పడింది. ఇంజను వైపు నుంచి వెనక దాకా అన్నీ వదులుగా తగిలించి, సరిగ్గా వేలాడుతున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాత ఒక్కొక్కటీ బిగించుకురావాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తొందరలో అలా చేశానని ఒప్పుకుని, మళ్లీ అంతా విప్పాడు.

రెండోసారి బిగించాక వెనక మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టి ఇంజను స్టార్ట్ చేయమన్నాడు. సందుంటే బుడగ వస్తుందని అతుకు మీద సబ్బునీళ్లు పోశాడు. అతుకు దగ్గర బుడగ రాలేదు. ఇంకాస్త ముందు, పాత గొట్టం మీద బుసబుసమని నురగ లేచింది. అక్కడ వెల్డింగు పెడితే పుచ్చిన ఇనుము కరిగి చిల్లు ఇంకా పెద్దదైంది. ఆ ముక్క కూడా మార్చాల్సిందేనని, పాత ఇనుము కొట్లో వెతుక్కొస్తానని మస్తాన్ బండెక్కి వెళ్లిపోయాడు.

నేను టీకొట్టు దగ్గరికి వెళ్లాను. అన్నయ్య పెదాల రంగు మారినట్టు అనిపించింది. ముల్లు సగానికి కిందికి దిగింది. కారును ఇక్కడే వదిలేసి ఆటోలో ఆసుపత్రికి పోదామన్నాను.

"ఆ ఆటోల పొగలో కూర్చోలేన్రా శీనూ. ఇదేదో అయిపోనీ. ఇక్కడ గాలి బాగానే ఉంది," అన్నాడు.

ఆటోనగర్‌లో గాలి బాగుండటమేమిటి? చుట్టూ వెల్డింగు వాసన, పెయింటు వాసన. మాట్లాడటానికే ఓపిక లేని మనిషి ఆటో ఎక్కి దిగలేడని నాకు అర్థమైంది. పెరుగన్నం డబ్బా తెరిచి ఇస్తే రెండు ముద్దలు తిన్నాడు. అయిదు నిమిషాలకోసారి లేచి రోడ్డు వైపు చూస్తూ ఉన్నాను. సిలిండరు అయిపోతే ఏం చేయాలో నాకు తెలియదు. మీరు వెళ్తే బండిపనికి విడిగా ఒక రోజు వెళ్లండి. ఆసుపత్రి పని, ఆ పని ఒకే రోజు పెట్టుకోకండి.

మస్తాన్ తెచ్చిన గొట్టం వంపు మా కారుకు కావాల్సిన పక్కకు కాక అవతలి పక్కకు ఉంది. కోసి, తిప్పి, మళ్లీ అతికాడు. మళ్లీ తడిగుడ్డ, మళ్లీ సబ్బునీళ్లు. ఈసారి ఎక్కడా బుడగ లేదు. ఆయన గొట్టం పొడవునా కాస్త ఎడంగా చెయ్యి జరుపుతూ చూసి, తృప్తిగా లేచాడు. మూడు బండ్ల ముక్కలు కలిసి ఒక గొట్టమయ్యాయి. ఇంజను నడుస్తుందో లేదో కూడా తెలియనంత మెత్తగా ఉంది. కారు కొన్నప్పటినుంచి అది అలా నడవడం నేను వినలేదు.

ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు గారు వెళ్లిపోబోతున్నారు. అన్నయ్యను చూసి వెనక్కి వచ్చి కూర్చున్నారు. లోపలికి తీసుకెళ్లి పెద్ద సిలిండరు పెట్టించారు. కొత్తగా ఎక్స్‌రే తీయించి, పాతదాని పక్కన పెట్టి చాలాసేపు చూసి, జబ్బు బాగా ముదిరిందన్నారు. ఆలస్యమైనందుకే ఇలా అయిందా అని అడిగాను. కాదన్నారు. ఒక పూట తేడాతో వచ్చింది కాదని, నెలల నుంచి జరుగుతున్నదేనని చెప్పారు. తర్వాత అన్నయ్య వినేలాగే అన్నారు.

"ఇకమీదట ఇంతదూరం తీసుకురావద్దండీ. వచ్చినా నేను చేయగలిగింది లేదు. ఇంటి దగ్గరే ఆక్సిజన్ పెట్టుకోండి. ఆయాసం మరీ ఎక్కువైతే దగ్గర్లో ఎవరికైనా చూపించండి. ఆయన్ను ఈ ప్రయాణాలతో కష్టపెట్టకండి."

అన్నయ్య తల ఊపాడు. డాక్టరు గారికి నమస్కారం పెట్టాడు. చెప్పింది ఇంకెవరి గురించో అన్నట్టు ముఖం ప్రశాంతంగా ఉంది. నేను మందులచీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి సిలిండరు నింపించుకుని తిరుగు ప్రయాణమయ్యాం. అద్దాలన్నీ ఎత్తాను. మిరప లారీలు ఎదురుగా వరసకట్టి వస్తున్నాయి, ఒక్క దాని ఘాటూ లోపలికి రాలేదు. పొగవాసనా లేదు. కారు ఎంత నిశ్శబ్దంగా పోతోందంటే, వెనక అన్నయ్య ఊపిరి తీసుకోవడం నాకు పూర్తిగా వినిపిస్తోంది. లోపలికి పోయేటప్పుడు సన్నటి కూత, బయటికి వచ్చేటప్పుడు గరగర. ఇన్ని నెలలు ఈ దారిలో తీసుకొచ్చి తీసుకెళ్లాను, ఎప్పుడూ వినలేదు. రేడియో పెడదామని చెయ్యి చాపి, పెట్టలేదు.

యడ్లపాడు దాటాక అన్నయ్య మాట్లాడాడు.

"బాగా కుదిరిందిరా బండి."

ఊ అన్నాను.

"మీ వదినకు నేను చెప్తాలే. నువ్వేం అనొద్దు."

రెండు పక్కలా పత్తి తీసేసిన చేలల్లో మోళ్లు నల్లగా నిలబడి ఉన్నాయి. చిలకలూరిపేటలో టీ తాగుదామా అంటే వద్దన్నాడు. మార్టూరు దాకా ఇంకెక్కడా ఆగలేదు.

గుంటూరు దారి మంచిది. రోడ్డు వెడల్పు, తినడానికి, ఆగడానికి చోట్లున్నాయి. ఓపిగ్గా వెతికితే ఏ బండికైనా గొట్టం కుదురుతుంది, ఒక్క బుడగ కూడా రాకుండా అతుకుతారు. ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగిన మంచి అంతే.

ఇంటి ముందు ఆపేసరికి మసక పడుతోంది. ఎప్పుడైనా మా కారు వీధి మొదట్లో ఉండగానే చప్పుడు విని వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఆ రోజు రాలేదు. లోపల పొయ్యి దగ్గర వదిన ఏదో పోపు వేస్తున్న చప్పుడు, వాసన. మేం వచ్చినట్టు ఆమెకు తెలియదు. తలుపు తీయడానికి నేను హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే, వెనకనుంచి అన్నయ్య నా భుజం పట్టుకున్నాడు.

ఇంజను ఆపేసి ఇద్దరం అలాగే కూర్చున్నాం.