షావుకారి కారులో నీళ్లు

డ్రైవరు ఇన్నయ్య గురించి నూజివీడులో చెప్పుకున్నవాటిలో చాలావరకు అబద్ధాలే. షావుకారు మీద కక్షతో ఇంజను కాల్చాడన్నారు. పెట్రోలు అమ్ముకుని, అది బయటపడకుండా నీళ్ల కథ అల్లాడన్నారు. మెచ్చుకోబోయినవాళ్లు, బానెట్ మీద చెయ్యి వేసి రోగం చెప్పేవాడన్నారు. 1961 వేసవిలో జరిగింది వీటన్నిటికన్నా చిన్న సంగతి. అతనికి మాత్రం చాలా కష్టమైన సంగతి.

ఇన్నయ్య షావుకారు, మామిడికాయల వ్యాపారి లక్ష్మీనరసింహారావుకు యుద్ధానికి ముందునాటి కారొకటి ఉండేది. తోటల బేరాలకు ఆయన అందులోనే చాట్రాయి, విస్సన్నపేట తిరిగేవాడు. ఆ మే నెలలో ఉదయం రేడియేటరులో పోసిన నీళ్లు మధ్యాహ్నానికి సగం కూడా మిగిలేవి కావు. మెరక ఎక్కేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది. కింద చుక్క కనిపించేది కాదు. నీళ్లు ఎవరో వదిలేస్తున్నారని షావుకారు నమ్మాడు. షెడ్డుకు కాపలా బుచ్చయ్య కనుక అనుమానం అతని మీదకు పోయింది.

"కల్లు దొరక్క కారునీళ్లు తాగుతున్నానంటారా అండీ?" అన్నాడు బుచ్చయ్య.

షావుకారు నవ్వలేదు. "ఇన్నయ్యా, రేపు సాయంత్రానికి నీళ్లెటు పోతున్నాయో చూపించు. లేదంటే వీణ్ణి పంపించేస్తాను. నువ్వు మాత్రం ఎక్కడికీ పోలేవు. నీ లైసెన్సు నా బీరువాలో ఉంది."

పనిలో చేరిన రోజునే డ్రైవరు లైసెన్సు తీసుకుని దాచడం ఆయన పద్ధతి. కాయల రోజుల్లో మనిషి ఇంకొకరి దగ్గరికి వెళ్లకుండా అదొక కట్టు. ఇన్నయ్య తన లైసెన్సు చూసి నాలుగేళ్లయింది.

మర్నాడు అతను జల్లించిన పొడిబూడిద కారు కింద పరిచాడు. మధ్యాహ్నానికీ బూడిద తడవలేదు. నీళ్లు వదిలే కుళాయి తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఏ చెయ్యీ తిప్పలేదు. నీళ్లు బయటికి పోవడం లేదంటే లోపలికే పోతూ ఉండాలి. ఫ్యాన్ బెల్టు తీసి, రేడియేటరు అంచుదాకా నింపి, మూత పెట్టకుండా ఇంజను స్టార్టు చేశాడు. బుడగలు ఆగకుండా పైకి వచ్చాయి, అంటే సిలిండర్లలోని పొగ నీళ్లలోకి చొరబడుతోంది. ఆయిల్ కొలిచే పుల్లకు మజ్జిగలాంటి నురగ అంటింది. సిలిండర్లకూ వాటి మూతకూ మధ్య సందు లేకుండా బిగించే గాస్కెట్ రేకు కాలిపోయింది. నీళ్లు ఆ సందున ఇంజనులోకి దిగి, ఆవిరై పొగగొట్టంలోంచి పోతున్నాయి.

గాస్కెట్ ఊరికే కాలదు. ఇంజను ఆర్పి, చల్లారాక రేడియేటరు కింది గొట్టం విప్పాడు. గోధుమరంగు ముద్ద అరచేతిలో పడింది.

"ఏంటిరా అది?" అన్నాడు బుచ్చయ్య.

"తవుడు."

"గేదెలకు పెట్టేదా?"

ఇన్నయ్య తలూపాడు. మార్చిలో విస్సన్నపేట దారిలో రేడియేటరు కారింది. లారీవాళ్లు నేర్పిన చిట్కా ప్రకారం గుప్పెడు తవుడు పోశాడు. అది నాని ఉబ్బి చిల్లి పూడ్చింది. కాయల రోజుల్లో కారును బెజవాడ మరమ్మతు షెడ్డుకు పంపుదామంటే షావుకారు మండిపడతాడు. అందుకని చెప్పకుండా ఇంకో మూడుసార్లు పోశాడు. చిల్లితోపాటు నీళ్లు తిరిగే దారులూ పూడిపోయి, ఇంజను వేడెక్కి గాస్కెట్ కాలింది.

"కడిగెయ్యి. కారు పాతదైపోయిందని చెప్పు. బుడగలు చూపిస్తే నా మీది నింద ఎలాగూ పోతుందిగా" అన్నాడు బుచ్చయ్య.

ఇన్నయ్య లెక్క వేసుకున్నాడు. కడిగినా ఆ ముద్ద పూర్తిగా వదలదు. కొత్త గాస్కెట్ నెలలో కాలుతుంది. మళ్లీ వెతుకుతారు. చెబితే లైసెన్సున్న బీరువా ఇక తెరుచుకోదు.

సాయంత్రం షావుకారికి ముందు బుడగలు చూపించాడు. తర్వాత అరచెయ్యి చాపాడు. "ఇది పోసింది నేనేనండి. నాలుగుసార్లు."

"ఇది చెప్పమని నిన్నెవరైనా అడిగారా?"

"లేదండి. గాస్కెట్ ఒక్కటే మారిస్తే మళ్లీ కాలుతుందండి. అప్పుడు మళ్లీ బుచ్చయ్యనే అంటారు."

షావుకారు ఆ ముద్దను వేలితో విరిచి చూశాడు. "వాడుంటాడు. నువ్వూ ఉంటావు. లైసెన్సు మాట నేనెత్తేదాకా నువ్వెత్తకు."

ఆయన ఆ మాట ఆరేళ్లు ఎత్తలేదు.

ఇన్నయ్య పెట్రోలు అమ్మలేదు, కక్ష కట్టలేదు, చేతిస్పర్శతో రోగాలు చెప్పలేదు. యజమానికి చెప్పకుండా తవుడు పోసి, ముల్లు ఎర్రగీత దాటినా కారు నడిపి ఇంజను పాడుచేశాడు. కారణం తానే కనిపెట్టి, దాచే వీలుండీ దాచకుండా చెప్పాడు.